పేరు తర్వాత, ముందు పిట్టని చూడండి

పోయిన నెల ఈ పేజీలో చెరువుగట్ల మీద నడక గురించి రాస్తూ, చివర్లో "పిట్టల గురించి ఏమైనా అడగాలనుంటే రాయండి" అని ఒక్క మాట అన్నాను. బెంగళూరు నలుమూలల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. చాలామంది ఫొటోలు కూడా పంపారు. నిజం చెప్పాలంటే ఆ ఫొటోల కన్నా వాటి కింద మీరు రాసిన రెండు ముక్కలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. "తోక ఊపుతూనే ఉంది", "తీగ మీద నుంచి ఎగిరి పురుగుని పట్టుకుని మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంది", ఇలాంటివి. పిట్ట ఏదో చాలాసార్లు ఈ మాటల్లోనే తెలిసిపోతుంది. అందుకని ఈ నెల పేజీ మొత్తం పిట్టలకే.

"అక్కా, మాది ఒంగోలు. ఆరేళ్ళుగా మారతహళ్ళిలో ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈమధ్య పొద్దున్నే కైకొండ్రహళ్ళి చెరువు దగ్గర నడుస్తున్నాను, పిట్టల పేర్లు తెలుసుకోవాలని ఉంది. పుస్తకం కొన్నాను కానీ తెరిస్తే వందల బొమ్మలు, అన్నీ ఒకేలా ఉన్నాయి, టెన్షన్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? కెమెరా కొనాలా, బైనాక్యులర్సా?"

ఆ పుస్తకం ఒక నెల పాటు అటక మీద పెట్టు తమ్ముడూ. మన దేశంలో 1,300 పైచిలుకు జాతుల పక్షులున్నాయి. హిమాలయాల్లోవీ, అండమాన్‌లోవీ, ఈశాన్యంలోవీ అన్నీ కలిపి ఒకే పుస్తకంలో వేస్తారు. నీ చెరువు దగ్గరికి ఎప్పటికీ రాని పిట్టల మధ్య నీ పిట్టని వెతుక్కోవడం మొదట్లో ఎవరికైనా కష్టమే.

ముందు పది పిట్టలు చాలు. కాకి, పావురం, గోరింక, చిలుక, గద్ద, కోకిల, పికిలిపిట్ట, లకుముకిపిట్ట, తేనెపిట్ట, కొంగ. ఇవి నాకు తెలుసు కదా అంటావు. సరే, గోరింక కాళ్ళు ఏ రంగు? ఎగిరినప్పుడు దాని రెక్కల్లో ఏం మెరుస్తుంది? పికిలిపిట్ట తోక కింద ఏ రంగు, తోక చివర ఏ రంగు? రోజూ చూసే కాకికి మెడ బూడిద రంగులో ఉంటుంది, ఒళ్ళంతా నల్లగా, ముక్కు లావుగా ఉండేది బొంతకాకి, ఈ రెండూ ఒకే చెట్టు మీద కూర్చోవడం ఎప్పుడైనా గమనించావా? గోరింక కాళ్ళు పసుపు, రెక్కల్లో తెల్ల మచ్చలు, పికిలిపిట్టకి తోక కింద ఎరుపు, తోక చివర తెలుపు అని నేను చెప్పేస్తే నీకు గుర్తుండదు. రేపు పొద్దున వెళ్ళి నువ్వే చూసుకో, ఇంక మర్చిపోవు.

ఈ పదింటినీ బాగా తెలుసుకోమనడానికి ఇంకో కారణం ఉంది. ఇవే నీ కొలబద్ద. కొత్త పిట్ట కనపడగానే మొదట అడగాల్సింది రంగు కాదు, ఎంతుంది అని. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, గద్దంతా? పిచ్చుక దాదాపు 15 సెంటీమీటర్లు, గోరింక 23, కాకి 40, గద్ద 60, కానీ ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, "గోరింక కన్నా కొంచెం చిన్నది" అంటే చాలు, తెలిసినవాళ్ళు సగం జాబితా కొట్టేస్తారు. రంగుని మాత్రం మొదటే నమ్మకు. పొద్దున వెలుగుకి ఎదురుగా చూస్తే తేనెపిట్ట కూడా బొగ్గులాగే ఉంటుంది. ఆకుల నీడలో పచ్చపిట్ట గోధుమ రంగులో కనిపిస్తుంది. సైజు, ముక్కు, తోక, ఎక్కడ కూర్చుంది, ఏం చేస్తోంది, ఇవి చూశాక అప్పుడు రంగు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. చెరువు పక్క కరెంటు తీగ మీద నల్లపిట్ట ఒకటి కూర్చుంది అనుకో. నలుపు ఒక్కటే చూస్తే కాకి పిల్ల అంటావు. కాస్త ఆగి చూడు. ఒళ్ళు గోరింకంతే ఉంది, తోక మాత్రం పొడుగు, చివర చేపతోకలా రెండుగా చీలింది. తీగ మీద నుంచి దూకి గాల్లోనే పురుగు పట్టింది, మళ్ళీ అదే చోటికి వచ్చింది. అంతలో అటు వచ్చిన గద్ద వెంటపడి తరిమింది, తన కన్నా అంత పెద్దదాన్ని! అది పసులపోలిగాడు. కొన్ని చోట్ల ఏట్రింత అంటారు, ఇంగ్లీషు పుస్తకాల్లో బ్లాక్ డ్రాంగో అని ఉంటుంది. పసుల వీపుల మీద ఎక్కి తిరుగుతూ, అవి గడ్డిలో నడిచేటప్పుడు లేచే మిడతల్ని పట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. దీన్ని తెలుసుకున్నాక, చలికాలంలో చెట్ల పైకొమ్మల్లో అదే తీరులో, కానీ బూడిద రంగులో, ఎర్రటి కళ్ళతో ఇంకొకటి కనపడితే, ఇది దానికి తమ్ముడి వరస అని నీకే అనిపిస్తుంది. అది యాషీ డ్రాంగో, బెంగళూరుకి చలికాలంలోనే వస్తుంది. ఒక్కదాన్ని గట్టిగా తెలుసుకుంటే రెండోది ఇలా వెతుక్కుంటూ వస్తుంది.

కెమెరా ఇప్పుడే వద్దు. నేను చూసినంతలో, కెమెరాతో మొదలుపెట్టినవాళ్ళు పిట్ట ఎగిరిపోయాక తెర మీద దాన్ని చూస్తారు, అది కూర్చున్నంతసేపూ ఫోకస్ చూసుకుంటూనే ఉంటారు. బైనాక్యులర్స్ కొనుక్కో, 8×42 అని రాసి ఉన్నది. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని, అద్దం పెద్దదైతే తెల్లవారుజామున మసక వెలుగులో కూడా బాగా కనిపిస్తుంది. షాపులో 20 రెట్లది చూపించి ఇదే గొప్పది అంటారు, దానికి మన చేతి వణుకు కూడా 20 రెట్లు అవుతుంది, కనపడే చోటు ఇరుకైపోతుంది, ఎగిరే పిట్టని అందులో పట్టుకోలేవు. కొనేముందు మెడలో వేసుకుని ఓ పది నిమిషాలు తిరుగు, బరువు తెలుస్తుంది.

ఫోన్‌లో మెర్లిన్ అని ఒక యాప్ ఉంది, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ప్రయోగశాల వాళ్ళది, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అదీ ఎక్కడ, ఎప్పుడు అని అడిగాక రంగు కన్నా ముందు సైజే అడుగుతుంది చూడు. కూత వినిపిస్తే అదేం పిట్టో కూడా చెప్తుంది, కానీ ఆ మాటని సాక్ష్యంగా తీసుకో, తీర్పుగా కాదు. మన లీఫ్‌బర్డ్ (ఆకుపచ్చ రంగు చిన్నపిట్ట) లాంటివి వేరే పిట్టల గొంతులు భలే దించేస్తాయి, ఫోన్ దాన్ని విని డేగ అంటుంది, డేగ అక్కడ ఉండదు. యాప్ ఒక పేరు చెప్తే ఆ పిట్ట కళ్ళబడేదాకా ఆగు. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ఫోన్ తీయకముందే చూసింది రెండు లైన్లు రాసుకో. ఫోన్‌లో ఒకసారి బొమ్మ చూశాక మన కళ్ళు ఆ బొమ్మకి సరిపోయేలా జ్ఞాపకాన్ని మార్చేసుకుంటాయి, నాకిది ఎన్నిసార్లు జరిగిందో.

ఇంకో మాట. అక్కడ నడిచే కన్నడ పెద్దవాళ్ళని కూడా అడుగు. గోరింకని వాళ్ళు గొరవంక అంటారు, మనం గోరువంక అంటాం. పికిలిపిట్ట వాళ్ళకి పికళార. నాకు మొదట్లో మా కాలనీ తోటమాలి నేర్పిన పిట్టలు పుస్తకం నేర్పిన వాటి కన్నా ఎక్కువ.

"అమ్మాయీ, నాకు 70 దాటాయి. కావలి నుంచి వచ్చి జేపీ నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంటి వెనక ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు టుక్, టుక్, టుక్ అని ఎండవేళ ఆగకుండా వినిపిస్తుంది. మనవడు ఏదో మోటారు అంటాడు. నాకు మాత్రం పిట్టే అనిపిస్తోంది. కళ్ళు సరిగా ఆనవు, చెట్టంతా చూసినా ఏమీ కనపడలేదు."

మీరే కరెక్టు పెద్దమ్మగారూ. అది కంసాలి పిట్ట. రాగిరేకు మీద సుత్తిదెబ్బలా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులో కూడా దాన్ని రాగిపని చేసేవాడి పేరుతోనే పిలుస్తారు, కాపర్‌స్మిత్ బార్బెట్ అని. నిమిషానికి వందకి పైగా దెబ్బలు, లెక్క తప్పకుండా.

కనపడకపోవడానికి కారణం మీ కళ్ళు కాదు. పిచ్చుక కన్నా కొంచెం పెద్దది అంతే, ఒళ్ళు ఆకుపచ్చ, ఆకుల్లో కలిసిపోతుంది. పైగా కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది, అందువల్ల కూత ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి వచ్చినట్టు ఉంటుంది. నోరు తెరవకుండానే కూస్తుంది, గొంతు మాత్రం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్ని చూడాలంటే పొద్దున ఏడింటికి ఎండ తగలగానే చెట్టు కొసన ఎండిపోయిన కొమ్మని చూడండి, వెచ్చదనానికి అక్కడికి వచ్చి కూర్చుంటుంది. నుదుటి మీద కుంకుమబొట్టు పెట్టినట్టు ఎరుపు, గొంతు దగ్గర ఇంకో ఎర్రమచ్చ, కంటి చుట్టూ పసుపు. పెట్టకీ పుంజుకీ రెంటికీ అంతే. ఒక్కసారి చూశారంటే మనవడికి మీరే చూపిస్తారు.

మీ ఇంటి దగ్గర రావి, మర్రి, మేడి లాంటిది ఏదైనా ఉందేమో చూడండి, ఆ పళ్ళంటే దానికి ప్రాణం. ఎండుకొమ్మకి తనే గుండ్రంగా తొర్ర తొలుచుకుని గుడ్లు పెడుతుంది. అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఎండుకొమ్మ కనపడితే చాలు కొట్టించేస్తారు. మనుషుల మీద పడే చోట ఉంటే కొట్టాల్సిందే, కాదనను. కానీ ఎవరికీ అడ్డంలేని మూల ఉన్న ఎండుకొమ్మని ఉంచమని మీ అబ్బాయితో మీటింగ్‌లో చెప్పించండి, ఆ పిట్టకి అదే ఇల్లు. "కుట్రూ, కుట్రూ" అని ఇంకొంచెం పెద్ద గొంతు వినిపిస్తే అది దీని చుట్టమే, తెల్లబుగ్గల బార్బెట్. కన్నడంలో దాని పేరే కుట్రు హక్కి.

"ఆంటీ, నేను ఏడో తరగతి. ఎండాకాలం సెలవుల్లో మా ఇంటి ముందు కాకి ఒక పిల్లకి తినిపించడం చూశాను. కానీ ఆ పిల్ల కాకిలా లేదు. నల్లగా ఉంది, రెక్కల మీద చుక్కలున్నాయి, తోక పొడుగ్గా ఉంది. మా ఫ్రెండ్స్ నేను అబద్ధం చెప్తున్నానంటున్నారు." (హెచ్‌ఎస్ఆర్ లేఅవుట్)

నువ్వు చూసింది నిజం నాన్నా, చాలా బాగా చూశావు. అది కోకిల పిల్ల.

కోకిల గూడు కట్టుకోదు. కాకి గూటిలో గుడ్డు పెట్టేసి వెళ్ళిపోతుంది, కాకి అది తన గుడ్డే అనుకుని పొదుగుతుంది, పిల్ల పుట్టాక దానికీ తిండి తెచ్చి పెడుతుంది. ఆ పిల్ల కూడా మొదట్లో కాకిపిల్ల లాగే అరిచి అడుగుతుంది. ఇది ఎండాకాలంలోనే ఎందుకు చూశావంటే, మార్చి నుంచి ఆగస్టు దాకా కోకిలలు గుడ్లు పెట్టే కాలం, కాకులు గూళ్ళు కట్టేదీ ఇంచుమించు అప్పుడే.

ఇంకో విషయం నీ ఫ్రెండ్స్‌కి చెప్పు. "కుహూ, కుహూ" అని పాడేది మగ కోకిల, అది నల్లగా నిగనిగలాడుతుంది, కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఆడ కోకిల నల్లగానే ఉండదు! గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, గీతలు ఉంటాయి. అది పాడదు, "కిక్ కిక్ కిక్" అని గట్టిగా అరుస్తుంది. పెద్దవాళ్ళు కూడా చాలామంది ఈ రెండూ వేరే వేరే పిట్టలు అనుకుంటారు. వచ్చే మార్చిలో మగది కూసేటప్పుడు పక్క చెట్లలో చుక్కల పిట్ట కోసం వెతుకు. నేల మీద నడుస్తూ, ఇటుకరంగు రెక్కలతో, కాకి కన్నా పెద్దగా, "కూప్ కూప్" అని గుహలోంచి వచ్చినట్టు కూసేది మాత్రం కోకిల కాదు, అది జెముడుకాకి. అదీ కోకిల కుటుంబందే కానీ తన గూడు తనే కట్టుకుని తన పిల్లల్ని తనే పెంచుకుంటుంది.

"మేడమ్, మేం నెల్లూరు జిల్లా వాళ్ళం. చిన్నప్పుడు నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళాం కాబట్టి గూడబాతుల్ని (పెలికాన్లని) గుర్తుపడతాను. ఇక్కడ జక్కూరు చెరువులో తెల్ల కొంగలు ఎన్నో ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో సైజు. అన్నీ ఒకటేనా? పిల్లలనుకోవాలా?"

పిల్లలు కాదండీ, వేరే జాతులు. కొంగల్లో సైజు చూసి పిల్లా తల్లీ అనుకోవడం అందరం చేసేదే. కొంగపిల్ల గూడు వదిలి చెరువు దగ్గరికి వచ్చేసరికే దాదాపు తల్లంత ఉంటుంది.

ముక్కు, కాళ్ళు, పాదాలు ఈ వరసలో చూడండి. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, కాలివేళ్ళు మాత్రం పసుపు చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటే అది చిన్న తెల్లకొంగ, లిటిల్ ఈగ్రెట్. అది బురదలో ఒక కాలు ఆడిస్తూ చేపల్ని కదిలిస్తుంది, నీళ్ళలో అటూ ఇటూ పరుగెడుతుంది, ఒక్కచోట నిలవదు. ముక్కు పొట్టిగా పసుపుగా ఉండి, మెడ కురచగా, నీళ్ళలో కాకుండా గడ్డిలో ఆవుల వెంట తిరిగేది పశువుల కొంగ. వానాకాలంలో దాని తల, మెడ నారింజ రంగుకి తిరుగుతాయి, అప్పుడు ఎవరైనా పోల్చుకోగలరు. అన్నింటి కన్నా పెద్దది, కొయ్యలా కదలకుండా నిలబడి నీళ్ళలోకి చూస్తూ ఉండేది పెద్ద తెల్లకొంగ. దాని మెడ మధ్యలో విరిగినట్టు ఒక మలుపు ఉంటుంది. కష్టం వచ్చేది మధ్యరకం తెల్లకొంగతో. దానికీ పెద్దదానికీ ముక్కు పసుపే, కాళ్ళు నలుపే. అప్పుడు బైనాక్యులర్స్‌తో నోటిమూల చూడండి, ముక్కు చీలిక సన్న గీతలా కంటి వైపు వెళ్తుంది. ఆ గీత కన్ను కింద ఆగిపోతే మధ్యరకం, కన్ను దాటి వెనక్కి పోతే పెద్దది. ఇది రావడానికి నాకు దాదాపు రెండు సంవత్సరాలు పట్టింది, కాబట్టి దూరంగా ఉన్నప్పుడు "తెల్లకొంగ, ఏదో తెలియదు" అని రాసుకోండి, అందులో తప్పేమీ లేదు, తెలియనిదానికి పేరు పెట్టేస్తేనే తర్వాత అది చెరిపేసుకోవడం కష్టం.

గట్టు మీద గోధుమ రంగులో ముడుచుకుని కూర్చున్నది, మీరు బాగా దగ్గరికి వెళ్ళగానే లేచి ఎగిరితే రెక్కలు పాలలా తెల్లగా కనిపించేది గుడ్డికొంగ. మనం అంత దగ్గరికి వచ్చేదాకా కదలదు కాబట్టి మా అనంతపురం వైపు దానికి కళ్ళు కనపడవనుకునేవాళ్ళు. కళ్ళు బ్రహ్మాండంగా కనపడతాయి, తన రంగు బురదలో కలిసిపోతుందనే ధీమా అది.

జక్కూరులో ఎర్రకాళ్ళ కొంగలు కూడా మీకు తగులుతాయి, పసుపు ముక్కు, వీపు చివర గులాబీ రంగు ఈకలు. వాటిని ఒక పావుగంట చూడండి. ముక్కు సగం తెరిచి నీళ్ళలో పెట్టి చీపురుతో ఊడ్చినట్టు అటూ ఇటూ ఊపుతుంది, చేప తగలగానే ముక్కు మూసుకుంటుంది, చూసి కాదు, తగిలిన స్పర్శతో పట్టుకుంటుంది. మీకు కుదిరితే మండ్య జిల్లా మద్దూరు దగ్గర కొక్కరె బెళ్ళూరు వెళ్ళిరండి. అక్కడ ఈ కొంగలూ, మీరు నేలపట్టులో చూసిన గూడబాతులూ ఊరి మధ్యలో, ఇళ్ళ పెరట్లో చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఆ ఊరి పేరే కొంగల బెళ్ళూరు.

"మా ఫ్లాట్‌పైన రోజూ గుండ్రంగా తిరిగేది గద్ద అని నేను, డేగ అని మావారు. మీరే తేల్చాలి." (కేఆర్ పురం)

మీరు రాసినదాన్ని బట్టి గద్దేనండీ. పెద్దగా, ముదురు గోధుమ రంగులో, రెక్కలాడించకుండా గాలి మీద తేలుతూ ఉంటే తోక చూడండి. చివర కొద్దిగా చీలినట్టు ఉంటే నల్లగద్ద. తిరిగేటప్పుడు ఆ తోకని చుక్కాని లాగా మెలితిప్పుతుంది, అదే ఆనవాలు. తోక గుండ్రంగా ఉండి, ఒళ్ళు ఇటుకరంగు, తల రొమ్ము తెలుపు అయితే అది గరుడపక్షి. గరుడపక్షి పిల్లలు గోధుమ రంగులోనే ఉంటాయి కాబట్టి మళ్ళీ తోకే దిక్కు.

మీవారు చెప్పే డేగ కూడా మీ చుట్టుపక్కల ఉండే ఉంటుంది, కానీ అది పైన తిరగడం కన్నా చెట్ల మధ్య దాక్కునేదే ఎక్కువ. షిక్రా అంటారు, పావురం సైజు. నాలుగుసార్లు గబగబా రెక్కలాడించి కాస్త తేలి, మళ్ళీ ఆడిస్తుంది. ఉడతలన్నీ ఒక్కసారిగా కిచకిచమని గోల పెడుతుంటే, గోరింకలు ఒకే కొమ్మ వైపు చూసి అరుస్తుంటే, ఆ కొమ్మ మీద వెతకమనండి.

"బెంగళూరులో పిచ్చుకలు లేవంటారు కదా, మా బాల్కనీలో పూలకుండీలోకి పిచ్చుక జంట గడ్డి మోసుకొస్తోంది! సెల్ టవర్ల వల్ల పోయాయన్నవి తిరిగొచ్చాయా?" (ఎలక్ట్రానిక్ సిటీ)

మీ సంతోషం ఉత్తరంలోనే కనపడింది, కానీ ఫొటో చూశాను, అవి పిచ్చుకలు కాదు. ముక్కు చూడండి, ఎంత లావుగా ముదురు రంగులో ఉందో. మొహం, వీపు చాక్లెట్ రంగు, పొట్ట మీద చేప పొలుసుల్లా గీతలు. అది మునియా, పాతవాళ్ళు జినువాయి అంటారు. తమ ఒంటి కన్నా పొడుగైన గడ్డిపోచని వెనక జెండాలా ఎగరేసుకుంటూ తీసుకొస్తాయి, కుండీ మొక్కల్లో బంతిలా గూడు చుడతాయి. పిచ్చుక అయితే గోడ కన్నంలోనో, మీటరు పెట్టె వెనకో, ఫ్యాను కప్పులోనో దూరుతుంది. పొదిగేటప్పుడు ఆ కుండీ జరపకండి, నీళ్ళు పోయాలంటే పక్క నుంచి మెల్లగా పోయండి.

పిచ్చుకల సంగతికి వస్తే, 2020లో దేశంలోని పక్షుల పరిస్థితి మీద వచ్చిన నివేదికలో, దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉందని, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో మాత్రం తగ్గిందని తేలింది. పక్షులు చూసే వేలమంది మామూలు మనుషులు రాసిపెట్టిన లెక్కల మీద కట్టిన నివేదిక అది. సెల్ టవర్లే కారణమని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదు. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది, కానీ పిల్లలకి పెట్టేది పురుగులు, మెత్తటి పురుగులు లేని చోట పిల్లలు బతకవు. నున్నటి గాజు గోడల ఇళ్ళలో గూటికి కన్నమూ ఉండదు. నిజం పిచ్చుకలు చూడాలంటే కేఆర్ మార్కెట్ లాంటి పాత బజార్లలో బియ్యం కొట్ల దగ్గర చూడండి.

"గూటిలోంచి పడిన పిట్టపిల్లని ఇంటికి తెచ్చాం, పాలు పోస్తున్నాం. పెంచుకోవచ్చా? చిలుకల్నైతే పెంచుకుంటారు కదా?"

పాలు వెంటనే ఆపండి. పిట్టలకి పాలు పడవు, ముక్కులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోవచ్చు. ఈకలు వచ్చి, గెంతుతూ ఉంటే అది పడిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది, దొరికిన చోటే పిల్లికీ కుక్కకీ అందని పొద మీద పెట్టి దూరంగా నిలబడండి, తల్లి వస్తుంది. ఈకల్లేని పసిగుడ్డు అయితే గూడు అందితే గూటిలో పెట్టేయండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. దెబ్బ తగిలి ఉంటే వన్యప్రాణుల వైద్యం తెలిసినవాళ్ళకి అప్పగించండి. రామచిలుకని పంజరంలో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ.

"ఒక్కదాన్నే బైనాక్యులర్స్ వేసుకుని చెరువు దగ్గరికి వెళ్ళాలంటే బెరుగ్గా ఉంది." (బీటీఎం లేఅవుట్)

లాల్‌బాగ్‌తో మొదలుపెట్టమ్మా. నెలలో రెండో ఆదివారం పొద్దున అక్కడ పక్షులు చూసేవాళ్ళు కలిసి నడిచే అలవాటు 1970ల నుంచీ ఉంది, కొత్తవాళ్ళని ఎవరూ వింతగా చూడరు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కన్నడం రాదు, ఎవరూ తెలియదు, ఒకావిడ తన బైనాక్యులర్స్ మెడలోంచి తీసి నా మెడలో వేసి ఒక రావిచెట్టు తొర్రలోకి చూపించింది. పైడికంటి జంట, ఒకదాన్నొకటి ఆనుకుని, పసుపు కళ్ళతో మమ్మల్నే చూస్తున్నాయి. అంత చిన్న గుడ్లగూబ ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు వెళ్ళు, ముదురు రంగు బట్టలు వేసుకో. గూడు కనపడితే మాత్రం దగ్గరికి వెళ్ళకు, ఫోన్‌లో కూత వినిపించి పిట్టని పిలవకు. అది శత్రువు వచ్చాడనుకుని పిల్లల్ని వదిలి వస్తుంది.

"మా వీధి చెట్లలో ఒక చిన్న పచ్చపిట్ట ఉంది, బొటనవేలంత. రోజూ అదే చెట్టు, 'చిస్‌విట్' అంటుంది, ఒక్క క్షణం నిలవదు. నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను, ఫొటో రావడం లేదు, పుస్తకంలో అలాంటివి ఇరవై ఉన్నాయి. వదిలేయాలనిపిస్తోంది." (మల్లేశ్వరం)

వదిలేయకండి, పేరు మీ ఉత్తరంలోనే ఉంది. "చిస్‌విట్" అని రెండు ముక్కల కూత, పచ్చటి ఒళ్ళు, ఒకటే చెట్టు, నెల రోజుల కిందట అంటే సెప్టెంబరులో మొదలు. గ్రీనిష్ వార్బ్లర్. పది గ్రాములు కూడా తూగదు. వేసవిలో హిమాలయాల్లో, ఇంకా పైన సైబీరియా వైపు గుడ్లు పెట్టి, చలి మొదలవగానే ఇంత దూరం ఎగిరి వస్తుంది. వచ్చి మీ వీధిలో నాలుగు చెట్లని తనవిగా పెట్టుకుని, చలికాలమంతా ఇంకొకదాన్ని రానివ్వకుండా కాపలా కాస్తుంది, ఆ "చిస్‌విట్" అదే, "ఇది నాది" అని. అందుకే రోజూ అదే చెట్టు.

వార్బ్లర్లని బొమ్మ చూసి గుర్తుపట్టాలని కూర్చుంటే ఎవరికైనా విసుగొస్తుంది, అన్నీ పచ్చగానో గోధుమగానో ఉంటాయి. గొంతుతో పట్టుకోవాలి. చెట్లపైన "చిస్‌విట్" అంటే ఇది, కింద కంచె పొదల్లో నాలుక చప్పరించినట్టు "చెక్, చెక్" అంటే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, అది పొదలోంచి బయటికే రాదు. ఫొటో మాట మర్చిపోయి రేపు ఆ చెట్టు కింద పది నిమిషాలు నిలబడండి, కంటి మీద లేత కనుబొమ గీత, రెక్క మీద సన్నటి ఒక్క తెల్లగీత కనపడితే చాలు. ఏప్రిల్ దాకా ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదు. ఏ తారీఖున ఆ కూత ఆగిపోయిందో రాసుకుని నాకు తప్పకుండా పంపండి.